చండ్రుగొండలో చప్పుడు బందైన రోజు

ఇన్నయ్య చాయ్ గ్లాసు పట్టుకున్నాడంటే అది ఖాళీ అయ్యేదాకా పక్కనున్నవాళ్ళెవరూ లేవడానికి లేదు. ఆ గ్లాసు ఎప్పుడు ఖాళీ అవుతుందో ఇన్నయ్యకు కూడా తెలియదు. గుక్కకూ గుక్కకూ మధ్య ఒక పులి ఆయనకు దారి ఇస్తుంది, ఒక కలెక్టరు లేచి కుర్చీ వేస్తాడు, గోదావరి కాసేపు ఆగి మాట విని పోతుంది. ఇదంతా తెలిసి కూడా రూప్‌సింగ్ ఆ సాయంత్రం చండ్రుగొండ సెంటర్లో విశ్రాంతమ్మ హోటల్ బల్ల మీద వచ్చి కూర్చున్నాడు. కథ కోసం కాదు, తన క్యాసెట్ కోసం. ఇరవై రెండు రోజులుగా అడుగుతున్నాడు. రోజూ క్యాసెట్ బదులు ఒక కథ చేతబట్టుకుని తండాకు పోతున్నాడు.

రూప్‌సింగ్ మండలాఫీసులో అటెండరు. అయిదేళ్ళ కింద చెల్లెలు జమ్లి పెళ్ళికి ఇన్నయ్య మైకు సెట్టే పెట్టించాడు. ఆ మైకు నుంచే ఒక క్యాసెట్‌లో వాళ్ళ అమ్మ గొంతు ఎక్కింది. ఆమె పేరు గోరి. అమ్మ గొంతుతో పాటు పక్కనే పెట్టిన జనరేటరు రొద కూడా ఎక్కింది, క్యాసెట్ ఈ చివర నుంచి ఆ చివర దాకా గుయ్‌మని. నిరుడు వానాకాలంలో అమ్మ పోయింది. మిగిలింది రేషన్ కార్డు మీది వేలెడంత ఫొటో, ఈ క్యాసెట్. వచ్చే గురువారానికి ఏడాది. వైరా నుంచి జమ్లి వస్తుంది. ఆ గుయ్‌గుయ్ లేకుండా అమ్మ గొంతు ఒక్కసారి చెల్లెలికి వినిపించాలని రూప్‌సింగ్ ఆశ.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఫాదర్ గారి బడికి కంప్యూటర్ వచ్చి ఆరు నెలలయింది. చర్చిలో ఇరవై ఏళ్ళుగా మైకు చూసేది ఇన్నయ్యే కాబట్టి, పైగా ఖమ్మంలో నలభై రోజుల కంప్యూటర్ కోర్సు చేసి వచ్చానని చెప్పుకునేదీ ఆయనే కాబట్టి, ఆ గది తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతోంది. "ఇటియ్యి తమ్మీ, కడిగిన గ్లాసు లెక్క చేసిస్త" అని క్యాసెట్ జేబులో వేసుకున్నాడు.

"ఇన్నన్నా, నా క్యాసెట్..." అన్నాడు రూప్‌సింగ్.

"ఆగు తమ్మీ, గదే చెప్తున్న గద" అన్నాడు ఇన్నయ్య, అప్పటికి నోరే తెరవనివాడు.

లారీ డ్రైవరు బొజ్జయ్య బీడీ ఆర్పి, కాళ్ళు బల్ల మీదికి మడుచుకున్నాడు. ఇవాళ లోడు లేదు, కథ ఉంది. ఇంకేం కావాలి!

"అసలు సంగతి ఏందంటే" ఇన్నయ్య గ్లాసు ఎత్తి దీపం వైపు చూశాడు, "కంప్యూటర్ల సౌండు కార్డని ఒకటుంటది. నా అరచెయ్యంత. దాని నడుమ నల్లటి చిప్పు. దాన్ని సిగ్నల్ ప్రాసెసర్ అంటరు. లోపలికొచ్చిన శబ్దాన్ని ఏరి, చెరిగి, రాళ్ళు తీసి బయటికి పంపేది గదే. కాని దానంతట అది చెయ్యదు, కంప్యూటర్ చెప్పాలె. కంప్యూటర్ మాటేమో దానికి ఎక్కదు. నడుమ డ్రైవరుండాలె."

"డ్రైవరంటే నా అసొంటోడా?" అన్నాడు బొజ్జయ్య.

"నీ అసొంటోడైతే ఆ కార్డు ఎప్పుడో జూలూరుపాడు మలుపుల బోల్తా పడేది. మనిషి కాదయ్యా, రాత. ఫ్లాపీల ఉంటది. ఇప్పుడు చర్ల అవతల పోలీసు క్యాంపుకు కొత్త సారొచ్చిండనుకో. సారుకు కోయమాట రాదు. గూడెం పెద్దమనిషికి సారు మాట రాదు. నడుమ ఒకడు నిలబడి ఇటుది అటు, అటుది ఇటు చెప్పాలె గద? వాడు సక్కగ చెప్పకపోతే ఏమైతది?"

"గూడెపోళ్ళకు దెబ్బలు పడతయి."

"అగో! ఇక్కడ స్పీకర్లకు పడ్డయి. సూస్తే సౌండు కార్డు పేరు పక్కన పసుపుపచ్చ గుర్తు. లోపలేదో కొట్లాట ఉన్నదన్నట్టు. ఏందా కొట్లాట అని ఒక్కొక్క డబ్బా తెరుసుకుంట పోతే దొరికింది. ప్రింటరుకు అయిదో నంబరు లైను, సౌండు కార్డుకు అయిదో నంబరు లైను. కొత్తగూడెం బస్సుల ఒకటే సీటు మీద ఇద్దరు కిటికీలకెళ్ళి రుమాలేసినట్టు! నేనేం జేసిన? ప్రింటరు రుమాలు తీసి ఏడో నంబరు మీదేసిన. సౌండు కార్డును అయిదుల కూసోబెట్టిన. గంతే."

రూప్‌సింగ్ బల్ల మీద కొంచెం ముందుకు జరిగాడు. ఇది నిజమే అయి ఉండవచ్చు. వినడానికి నిజంలాగే ఉంది. ఇరవై రెండు రోజుల్లో మొదటిసారి ఇన్నయ్య మాటలో ఒక నంబరు, ఒక లెక్క కనిపించాయి. ఇక్కడితో ఆపి గ్లాసు కింద పెట్టి ఉంటే ఇన్నయ్య ఆ పూట నిజంగానే గొప్పవాడయ్యేవాడు. కానీ ఇక్కడితో ఆపేవాడైతే ఆయన ఇన్నయ్య ఎందుకవుతాడు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? డ్రైవరు ఫ్లాపీ పెడితే కరకరమన్నది. తీసి సూస్తే బూజు! ఈ ముసుర్లకు పప్పులకే బూజు పడుతుంటె ఫ్లాపీకి పడదా? ఇంకోడైతే చేతులెత్తేసేటోడు. ఖమ్మంల మా సారు బోర్డు మీద ఆ డ్రైవరు రాత ఒక్కసారి రాసి తుడిపేసిండు. ఆ తుడిపిన దాన్ని నేను యాది చేసుకొని, పొద్దున కూసుంటే పొద్దు గూకెతల్లకు, నాలుగు వేల లైన్లు, ఒక్క కొట్టివేత లేకుండ..."

"నీకు ఇంగిలీసు ఎప్పుడొచ్చింది తమ్ముడా?" అంది విశ్రాంతమ్మ పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ. "మొన్న మందు సీస మీద రాసింది నాతోని సదివించుకున్నవ్."

"గది మనుషుల ఇంగిలీసు అక్కా. ఇది మిషను ఇంగిలీసు. రెంటికీ సుట్టరికం లేదు." ఇన్నయ్య తడుముకోలేదు. తడుముకోవడం ఆయన జాతకంలో లేదు. "డ్రైవరు ఎక్కిందో లేదో, ఆ చిప్పు నాకు లొంగిపోయింది. తెర మీద పేర్లు పడ్డయి. హాలు, బావి, గుహ. ఏది నొక్కితే గొంతు అందుల మాట్లాడినట్టు అయితది. నేను గుహ నొక్కిన. మైకుల 'హలో' అన్న. ఒక్కటే హలో. తిరిగి రాలే."

"యాడికి పోయింది?"

"అదే నేను అనుకున్న. సోమారం నాడు పోయిన హలో, బొజ్జయ్యా, బుధారం మాపటేల తిరిగొచ్చింది. పాపం, గొంతు బొంగురు పోయి ఉన్నది. వానల అడవంత తిరిగొచ్చింది గద, జలుబు చేసింది. తర్వాత ఎంక్వైరీ చేస్తే తెలిసింది, నా హలో గోదారి దాటి, భద్రాచలం దాటి, చర్ల క్యాంపు మీదికెళ్ళి పోయిందంట. క్యాంపుల సెంట్రీ లేచి సెల్యూట్ కొట్టి 'యెస్సార్' అన్నడంట. ఆ యెస్సార్ సుత నా హలో యెంబడే వచ్చింది. స్పీకర్లకెళ్ళి ఫస్టు హలో, దాని ఎనుక యెస్సార్!"

బొజ్జయ్య తొడ చరుచుకుని నవ్వాడు. రూప్‌సింగ్‌కు నవ్వు రాలేదు. గుహలో నుంచి క్యాసెట్ దగ్గరికి ఎన్ని మైళ్ళుందో లెక్కేసుకుంటున్నాడు.

"అన్నా, రొద తీసుడు సంగతి చెప్పు."

"ఆడికే వస్తున్న తమ్మీ. రొద తీసేదానికి వేరే మీట ఉంటది. సున్న కాడికెళ్ళి నూరు దాక. మామూలోళ్ళు అయిదు దాటరు. ఎందుకంటే అయిదు దాటితే ఏమైతదో ఎవ్వనికీ ఎరక లేదు. నేను పదికి పెట్టిన. కంప్యూటర్ల ఫ్యాను చప్పుడు బందైంది. మంచిగున్నది. ఇరవైకి తోసిన, ఎదురుంగ రైసుమిల్లు బందైంది. మిల్లు తిరుగుతనే ఉన్నది, వడ్లు పడతనే ఉన్నయి, చప్పుడు మాత్రం లేదు. మిల్లు సేటు బయటికొచ్చి చెవుల వేళ్ళు పెట్టుకొని తిప్పుకుంటున్నడు. నాకేం తెలుస్తది, నేను కిటికీ వేసుకొని పనిల ఉన్న. నలభై పెట్టిన. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చండ్రుగొండల కుక్కలన్ని నోర్లు తెరుస్తున్నయి, మూస్తున్నయి, కూత లేదు! సత్తుపల్లి బస్సు హారను కొడుతనే ఉన్నడు, వినపడక బర్రెలు రోడ్డు మీదికెళ్ళి కదుల్తలేవు. బడిల సారు పాఠం చెప్తుండు, పిల్లలకు చేతులే కనపడుతున్నయి. మండలాఫీసుల రైతులంత ఒక్కపాలి మొత్తుకుంటున్నరు, లోపల సారు మాత్రం..."

"మా ఆఫీసుల గది రోజు జరిగేదే" అన్నాడు రూప్‌సింగ్ ఉండబట్టలేక.

"మరి నా హోటల్ల ఎప్పుడు బందైందయ్యా చప్పుడు?" విశ్రాంతమ్మ గరిటె ఎత్తింది.

"ఆ పొద్దు నువ్వు పండుకొని ఉన్నవక్కా. నీ గురక బందైందని నీకెట్ల తెలుస్తది?"

గరిటె మళ్ళీ పాలలోకి దిగింది. ఇన్నయ్యకు ఇక అడ్డు లేదు. అరవైకి పెడితే ఆకాశంలో మెరుపే తప్ప ఉరుము రాలేదట. డెబ్బైకి వైరా చెరువులో కప్పలన్నీ గట్టెక్కి ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయట. ఎనభైకి ఫాదర్ గారు గంట తాడు లాగీలాగీ చేతులు బొబ్బలెక్కి, చివరికి పరుగున వచ్చి, కంప్యూటర్ గది తలుపు కొట్టారట. ఆ కొట్టడమూ వినపడలేదట.

"అప్పుడు పెట్టిన తమ్మీ, నీ క్యాసెట్."

రూప్‌సింగ్ గుండె ఒక్కసారి లేచి కూర్చుంది. ఈ మనిషి చెప్పేదాంట్లో తొంభై తొమ్మిది పాళ్ళు గాలి అని అతనికి తెలుసు. మిగిలిన ఆ ఒక్క పాలు కోసమే ఇన్నాళ్ళూ తండా దేవుడు సేవాలాల్‌కు మొక్కుతున్నాడు. కుక్కలు మొరిగినా మొరగకపోయినా సరే, అమ్మ గొంతు మీది రొద పోతే చాలు.

"టేపురికార్డరు నుంచి కార్డుకు వైరు గుంజిన. నీ జనరేటరు గుయ్‌గుయ్ మొదలైంది. మీట మీద చెయ్యి పెట్టి ఎనభై అయిదు... ఎనభై ఆరు... రొద పొర పొరగ లేస్తున్నది. తొంభైకి అడుగు కూడ ఊడింది. ఎంత లోతుల ఊడిందంటే, మరునాడు జనరేటరాయన నా ఇంటికొచ్చి కొట్లాటకు దిగిండు. 'అయిదేండ్ల కింద తండ పెండ్లిల నా జనరేటరు మంచిగ నడిచె. నిన్నటి సంది యాది చేసుకుంటే అది నడిచినట్టే గుర్తొస్తలేదు. ఏం జేసినవ్?' అని!"

బొజ్జయ్య నవ్వీ నవ్వీ దగ్గాడు. రూప్‌సింగ్ కూడా నవ్వాడు. నవ్వకుండా ఎలా ఉంటాడు? రొద పోయిందన్నాడు కదా.

"గంతటితోని ఊకున్ననా?" ఇన్నయ్య గ్లాసులో అడుగున మిగిలిన గుక్కను తిప్పాడు. "రొద పోయినంక విన్న. నడుమ నడుమ ఒకటే ఏడుపు తమ్మీ. మీ ఆడోళ్ళు 'యాడీ, యాడీ' అనుకుంట, ఎక్కిళ్ళు, ముక్కులు చీదుడు. పాటను సక్కగ విననిస్తే గద! చక్కటి పెండ్లి క్యాసెట్ల ఇదేంది శకునం కాకుండ అనుకున్న. తొంభై అయిదుకు తోసిన. ఎక్కడ ఏడుపు కనపడితే అక్కడ వేరుతోని పీకేసిన."

రూప్‌సింగ్ నవ్వు ఆగింది.

"ఏడుపంత తీసేసినవా?"

"ఒక్క చుక్క లేదు."

"మరి ఇంకేం మిగిలింది?"

"పాట మిగిలింది."

బల్ల మీద నుంచి రూప్‌సింగ్ ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు. "ఆ ఏడుపే పాట అన్నా" అన్నాడు.

బొజ్జయ్య అర్థంకాక ఇద్దరి వంకా చూశాడు. రూప్‌సింగ్ చెప్పుకుపోయాడు. తండాలో ఆడపిల్ల అత్తారింటికి కదిలేటప్పుడు ఒక్కొక్కరి మెడా పట్టుకుని ఏడుస్తుంది. వట్టి ఏడుపు కాదు. పెంచిన చేతుల్ని, కట్టేసిన దూడల్ని, నీళ్ళు మోసిన దారిని పేరు పేరునా తలుచుకుంటూ మాటలు అల్లి ఏడుస్తుంది. దాన్నే ఢావ్లో అంటారు. ఏ ఎక్కిలి ఎక్కడ పడాలో తండాలో ప్రతి ఆడదానికీ తెలుసు. అందులో ఏడుపు ఒకటి, పాట ఒకటి అని రెండు లేవు. ఆ రోజు జమ్లి 'యాడీ' అని, తమ మాటలో అమ్మా అని, అమ్మ మెడ పట్టుకుంది. అమ్మ కూడా అలాగే ఏడుస్తూ బదులిచ్చింది. క్యాసెట్ మొత్తంలో ఉన్నది ఆ తల్లీకూతుళ్ళ ఏడుపే.

ఈ మాటలన్నీ రూప్‌సింగ్ ఎలా చెప్పాడో ఏమో, చెప్పేసరికి విశ్రాంతమ్మ స్టవ్ చిన్నది చేసి వచ్చి నిలబడి ఉంది.

"వేరే పాట లేదన్నా అండ్ల" అన్నాడు. "మా అమ్మ బతుకుల ఇంకెప్పుడు మైకు ముంగట నోరు తెరవలే. గది పీకేస్తే ఇంక మా అమ్మ లేదు."

ఇన్నయ్య నోరు తెరిచాడు. ఏదో వస్తుందని అందరూ చూశారు. రాలేదు.

అప్పుడు రూప్‌సింగ్ చేసిన పని చండ్రుగొండలో అంతకుముందు ఎవరూ చేయలేదు. ఇరవై ఏళ్ళుగా ఇన్నయ్య కథకు అడ్డుపడినవాళ్ళున్నారు, ఎగతాళి చేసినవాళ్ళున్నారు, గ్లాసు లాక్కున్నవాళ్ళున్నారు. బతిమాలినవాళ్ళు మాత్రం లేరు. రూప్‌సింగ్ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, నీ కాళ్ళు మొక్కుత. ఇదంత అబద్ధమని చెప్పు."

ఇన్నయ్య మొహం చూడాలి అప్పుడు! కోతలు కోస్తున్నావని జీవితమంతా తిట్టించుకున్న మనిషిని, అది కోతే అయి ఉండాలని ఒకడు ప్రాధేయపడుతున్నాడు. కాదంటే ఎదుటివాడి తల్లి పోతుంది. అవునంటే తన నాలుగు వేల లైన్ల డ్రైవరు, గోదావరి దాటిన హలో, తొంభై అయిదు మీద మీట, అన్నీ విశ్రాంతమ్మ గిన్నెలు కడిగే నీళ్ళలో కలిసిపోతాయి.

"అందరి ముంగట చెప్పాల్నా తమ్మీ?" అన్నాడు చిన్న గొంతుతో.

"అందరి ముంగటనే గద పీకినవ్" అంది విశ్రాంతమ్మ.

ఇన్నయ్య తల దించుకున్నాడు. చొక్కా లోపలి జేబులో నుంచి రుమాలు మూట తీశాడు. అందులో రబ్బరు బ్యాండు వేసిన క్యాసెట్ ఉంది.

"శబ్దమే రాలే" అన్నాడు. "ఇరవై రెండు దినాలు పొద్దుమాపు కూసున్న. ఆ నంబరు మార్చిన, ఈ నంబరు మార్చిన. పసుపుపచ్చ గుర్తు పోనే లేదు. స్పీకర్ కుయ్యని సుత అనలే. ముందుగాల ఒక్కసారి టేపురికార్డర్ల పెట్టి విన్న, గంతే. ఏడుపొచ్చింది, ఇంకా పాట మొదలు గాలే అనుకొని ఆపేసిన. రోజు నీకిచ్చేద్దామనే జేబులేసుకొస్తున్న తమ్మీ. నువ్వొచ్చి ఎదురుంగ కూసొని, అయిందా అన్నా అని సూస్తవు. చేతగాలేదని చెప్పనీకి నోరొస్తలేదు."

రూప్‌సింగ్ ఆ క్యాసెట్‌ను రెండు చేతులతో అందుకున్నాడు. మాట నమ్మేంత ధైర్యం లేదు. విశ్రాంతమ్మ ఏమీ అడగకుండానే గల్లాపెట్టె పక్కనున్న టేపురికార్డరులో మోగుతున్న పాటలు ఆపి, మూత తెరిచింది.

మొదట గుయ్‌మని జనరేటరు. అంతే రొద, వీసమెత్తు తగ్గలేదు. దాని వెనకాల నుంచి ఒక ఎక్కిలి, ఆ ఎక్కిలి చివర "యాడీ" అని జమ్లి, ఆ వెంటనే అమ్మ. గొంతు చీరుకుపోయి, సాగి, ఆగి, మళ్ళీ అందుకుని, కూతురి పేరు పిలుస్తూ. ఒక్క చుక్క పోలేదు. రూప్‌సింగ్ టేపురికార్డరు మీద చెయ్యి ఆనించి నిలబడి ఏడ్చాడు. ఏడుస్తూనే నవ్వాడు. రోడ్డు మీద సత్తుపల్లి బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. కుక్కలు మొరిగాయి. ఇంత చప్పుడు వినడానికి ఇంత బాగుంటుందని అతనికి ఎన్నడూ తెలియదు.

క్యాసెట్ ఆ వైపు అయ్యేదాకా అందరూ విన్నారు. బొజ్జయ్య బీడీ వెలిగించడం మరిచాడు. బటన్ టక్కుమని లేచాక ఇన్నయ్యే మెల్లగా గొంతు సవరించుకున్నాడు. మొహంలో రంగు కొంచెం కొంచెంగా తిరిగి వస్తోంది.

"విన్నంక ఇప్పుడు నాకు అర్థమైంది తమ్మీ. ఏడుపు ముట్టకుండ ఆ గుయ్ ఒక్కటే తియ్యొచ్చు. నంబరు పదికి మార్చి సూడలే నేను. ఒక్క రెండు దినాలు ఇటియ్యి..."

చెయ్యి చాపాడు. రూప్‌సింగ్ క్యాసెట్‌ను జేబులో పెట్టుకుని, గుండీ పెట్టి, ఆ చాచిన చేతిని రెండు చేతులతో ప్రేమగా పట్టుకుని వెనక్కి మడిచాడు.

"వద్దన్నా. నీకేం రాక మా అమ్మ దక్కింది. జర గట్లనే ఉండు."